షూ కోసం డ్రమ్ము కోయించకండి

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం, ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో మోటార్‌సైకిళ్ల ట్రయల్ పోటీ ముగిసి అందరం బండ్లను వ్యాన్లలోకి ఎక్కిస్తున్న సమయంలో, పాతికేళ్ల యువకుడొకడు ముందు చక్రం విప్పి చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతనిది 1970ల నాటి జపాన్ బండి. వెనుక రెండు షాక్ అబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉండే ఆ తరం బండ్లను ఇక్కడ ట్విన్‌షాక్‌లంటారు. చక్రం నడిమి భాగమైన హబ్బులో ఉండే ఇనుప గిన్నెలాంటిది డ్రమ్ము. బ్రేకు పట్టినప్పుడు, లైనింగు అనే అరిగే పొర అంటించిన వంపు ముక్కలు, అంటే షూలు, దాన్ని లోపలి నుంచి ఒత్తుతాయి. అతని డ్రమ్ము లోపలి వ్యాసం కొత్తలో 110 మిల్లీమీటర్లు, వాడుకకు హద్దు 111. అతను కొలిస్తే 110.6 వచ్చింది. అంచున మెట్టు కట్టింది, లోపల సన్నని గీతలు పడ్డాయి, కొత్త షూలు వేసినా బ్రేకు పట్టు సగానికి సగం తగ్గిపోయింది. “లేత్ మీద ఒక పొర కోయించి సాపు చేయించమంటారా, లేకపోతే పాత ఇనుమంతా తీయించి కొత్త స్లీవు వేయించమంటారా?” అన్నది అతని ప్రశ్న. స్లీవంటే తీసేసిన ఇనుము స్థానంలో బిగించే ఇనుప కట్టు. రెండూ వద్దని, డ్రమ్మును ముట్టుకోకుండా దానికి తగిన షూలు చేయించుకోమని చెప్పాను.

అతనికి నా మాట మీద నమ్మకం కుదరలేదు. అరిగింది డ్రమ్మైతే షూల సంగతి ఎందుకన్నట్టు చూశాడు. అప్పటికే వాన మొదలైంది, చీకటి పడుతోంది, పైగా అది పది నిమిషాల్లో తేలే విషయమూ కాదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు కనుక, ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నడక వేగంలో పనిచేయాల్సిన బ్రేకు

ట్రయల్స్ పోటీల్లో వేగానికి విలువ లేదు. రాళ్ల మీదుగా, వాగుల్లోంచి, చెట్ల వేర్ల మధ్య నుంచి, ఏటవాలు బురద మీద నుంచి గీసిన చిన్న చిన్న సెక్షన్లను కాలు నేలకు ఆనించకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే 1, రెండుసార్లు పెడితే 2, అంతకు మించి ఎన్నిసార్లు పెట్టినా 3, సెక్షన్ దాటలేకపోతే 5. ఎవరి లెక్క తక్కువైతే వారే గెలిచినట్టు. మేం పాల్గొనే పోటీల్లో బండి ఆగినా 5 పడుతుంది. కాబట్టి బ్రేకు బండిని ఆపకూడదు, చక్రాన్ని బిగించేయకూడదు, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా సాగుతున్న బండిని ఇంకా నెమ్మది చేయాలి. రోడ్డు మీద ఏ బ్రేకునూ మనం ఇంత సున్నితంగా అడగం.

ఈ ఆటకూ మనకూ సంబంధమేమిటని అనుకునేవారికి ఒక్క మాట. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన బుల్లెట్టు పుట్టుకతో ట్రయల్స్ బండే. వెనుక చక్రాన్ని పైకీ కిందికీ కదలనిచ్చే స్వింగింగ్ ఆర్మ్ ఉన్న బుల్లెట్టును రాయల్ ఎన్‌ఫీల్డ్ మొట్టమొదట 1948లో ఒక ట్రయల్లోనే బయటపెట్టింది. స్కాట్లండు కొండల్లో ఆరు రోజుల పాటు జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను జానీ బ్రిటన్ అనే రైడరు 1952లోనూ 1957లోనూ ఆ బుల్లెట్ల మీదే గెలిచాడు. తర్వాత కథ మారింది. 1964 చివర్లో ట్రయల్స్ రైడరు సామీ మిల్లర్ తన 500 సీసీ ఏరియల్‌ను వదిలి స్పెయిన్ వారి బుల్టాకోకు మారి, 1965లో అదే పోటీని తేలికైన ఆ టూ స్ట్రోక్ బండి మీద గెలిచాక, బరువైన ఫోర్ స్ట్రోక్‌ల కాలం ముగిసింది. ఎక్కడ వంద గ్రాములు తగ్గుతాయా అని చూసే పదిహేనేళ్లలో హబ్బులు చిన్నవయ్యాయి, గోడలు పలచనయ్యాయి, కొన్ని బండ్లకు మెగ్నీషియంతో పోసిన హబ్బులు వచ్చాయి, ఇంకొన్నింటిలో డ్రమ్ము లోపలి ఇనుప పొర అయిన లైనరునే తీసేసి అల్యూమినియం మీద నేరుగా పలచటి ఉక్కు పూత చల్లారు. ఇప్పుడు మనం బాగుచేయడానికి కూర్చున్న హబ్బులు అవే. మళ్లీ కోయడానికి లోహం మిగల్చాలన్న ఆలోచన వాటిని తయారు చేసినవారికి ఉన్నట్టు కనిపించదు.

ముందు చక్రం 21 అంగుళాల రిమ్ముది. టైరుతో కలిపి ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు ఎనిమిది చుట్లు తిరుగుతుంది కనుక, డ్రమ్ము కాస్త గుండ్రం తప్పినా లీవరులో సన్నని వణుకుగా మాత్రమే తెలుస్తుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు కూడా. గంటకు 4 కిలోమీటర్ల వేగంలో ఒక చుట్టుకు రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో బ్రేకు రెండు చోట్ల పట్టి రెండు చోట్ల వదులుతుంది. తడి రాయి మీద నుంచి దిగుతున్నప్పుడు ఆ పట్టే చోటు వచ్చిందంటే చక్రం బిగుసుకుని ముందుకు జారుతుంది, వదిలే చోటు వచ్చిందంటే బండి మనల్ని లాక్కుపోతుంది. అందుకే వెంట్రుకవాసి తేడా మాకు అంత పెద్ద విషయం. అరిగిన డ్రమ్ము కన్నా గుండ్రం తప్పిన డ్రమ్ము ఎక్కువ ప్రమాదకరమని నేననడానికి కారణం ఇదే. నేను చూసినంతలో, ఈ రెండింటినీ ఒకటిగా చూసి, రెంటికీ లేత్ పనే మందని అనుకోవడంతోనే పాత హబ్బులు చెడుతున్నాయి.

ఆటోనగర్‌లో విన్న మాట

నేను ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో మా నాన్నగారి బుల్లెట్టు వెనుక హబ్బును తీసుకుని విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాను. ఆ వీధుల్లో లారీ డ్రమ్ములు కోసే పెద్ద లేత్‌లు వరుసగా ఉండేవి. రేకుల షెడ్డులో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా ఆ పనే చేస్తున్న టర్నరు, హబ్బు లోపల బొటనవేలు పెట్టి చుట్టూ ఒకసారి తిప్పి చూసి నా చేతికి తిరిగి ఇచ్చేశారు.

“కోయక్కర్లేదు బాబూ, లైనింగు మందంగా కొట్టించుకుని రా, షూలు నేను తిప్పి ఇస్తాను” అన్నారు.

“గీతలు పడ్డాయి కదా బాబాయ్, ఒక పొర తీసేయండి” అన్నాను.

“గీతలకు లైనింగు తనే అలవాటు పడుద్ది. ఇనుము కోస్తే మళ్లీ రాదు. లైనింగంటావా, రేపు ఇంకోటి అంటించుకోవచ్చు.”

ఆ పూట డ్రమ్ము కోసి ఉంటే ఆయనకు డబ్బులు వచ్చేవి. పనిని వద్దని చెప్పే పనివాడిని అంతకు ముందు నేను చూడలేదు. అయినా ఆ వయసులో ఆ మాట నాకు పొదుపు సలహాలాగే వినిపించింది. దాని వెనుక ఉన్న జ్యామితి అర్థం కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ జ్యామితి ఇది. కొత్త షూ 110 మిల్లీమీటర్ల డ్రమ్ముకు సరిపోయే వంపుతో వస్తుంది. డ్రమ్ము 110.6 అయినప్పుడు, చిన్న వంపు పెద్ద వంపులో కూర్చుంటుంది కనుక, షూ మధ్యలో మాత్రమే తగులుతుంది. రెండు కొసలూ గాలిలో ఉంటాయి. బ్రేకు పట్టు సగానికి తగ్గిందని ఆ యువకుడు చెప్పింది అందుకే. కొత్త షూలు వేశాక కూడా పట్టు రాలేదంటే తప్పు డ్రమ్ముదేనని అతను అనుకున్నాడు. ఇప్పుడు ఆ డ్రమ్మును 110.9కి కోయిస్తే ఏమవుతుంది? లోపల అద్దంలా మెరుస్తుంది, చేతికి నునుపుగా తగులుతుంది, అదే ప్రామాణిక షూ ఇంకా తక్కువ మేర తగులుతుంది. డబ్బు పెట్టి బ్రేకును మరింత చెడగొట్టుకున్నట్టే.

రోడ్డు బండి అయితే నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగేసరికి షూ తనంతట తానే అరిగి డ్రమ్ముతో కలిసిపోతుంది. ఆ కలిసిపోవడాన్ని చూసే చాలామంది మెకానిక్కులు డ్రమ్ము కోయించి మామూలు షూలు వేస్తారు, వాళ్ల అనుభవంలో అది పనిచేస్తుంది కూడా. మా బండ్లు ఆదివారం ఆదివారం తిరిగే దూరమే తక్కువ, అందులోనూ బ్రేకు వాడేది కొద్ది నిమిషాలు, అవీ నీళ్లలోనో బురదలోనో. ఏడాది గడిచినా ఆ షూ డ్రమ్ముకు అలవాటు పడదు. కాబట్టి షూని డ్రమ్ముకు తగ్గట్టు తిప్పించక తప్పదు. ఆ పని ఎలాగూ చేయిస్తున్నప్పుడు డ్రమ్మును కోయవలసిన అవసరమే చాలా సందర్భాల్లో మిగలదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

క్యామ్ సంగతి

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బ్రేకు తీగ లాగినప్పుడు తిరిగి షూలను డ్రమ్ము మీదికి తెరిచే చిన్న ఇరుసే క్యామ్. డ్రమ్ము పెద్దదయ్యేకొద్దీ షూ ఎక్కువ దూరం తెరుచుకోవాలి. 110 నుంచి 111కి వెళ్తే షూ మధ్యభాగం అర మిల్లీమీటరు అదనంగా జరగాలి. షూ రెండో కొస మీద తిరుగుతుంది కనుక క్యామ్ దగ్గర ఆ జరుగుడు దాదాపు రెట్టింపు, అంటే ఒక మిల్లీమీటరు. అంత చిన్న క్యామ్ ఆ ఒక్క మిల్లీమీటరు కోసం పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ తిరగాలి. లాగే తీగకు లీవరు లంబంగా ఉన్నప్పుడు వచ్చే బలం, ఆ కోణం దాటితే తగ్గుతూ పోతుంది. మరీ ఎక్కువ తిరిగితే క్యామ్ అంచు మీద షూ నిలబడిపోయి, స్ప్రింగు లాగినా వెనక్కి రాదు. బ్రేకు పట్టేసి వదలని స్థితి అది.

చాలామంది క్యామ్ ఇరుసు పళ్ల మీద లీవరును ఒక పన్ను వెనక్కి జరిపి కోణం సరిచేశామనుకుంటారు. బయటి లీవరు సరవుతుంది గానీ లోపల క్యామ్ అదే చెడు కోణంలో ఉండిపోతుంది. ఇంకొందరు షూకూ క్యామ్‌కూ మధ్య ఉక్కు రేకు ముక్క పెడతారు. అది కొంతవరకు పనిచేస్తుంది, కానీ షూ వంపు తప్పు అలాగే ఉంటుంది, రేకు ఊడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లైనింగు మందం పెంచితే ఈ రెండు సమస్యలూ ఒకేసారి పోతాయి. లైనింగు 0.3 మిల్లీమీటర్లు మందంగా ఉన్న షూ, 110.6 డ్రమ్ములో, కొత్త షూ కొత్త డ్రమ్ములో ఉన్నట్టే కూర్చుంటుంది. క్యామ్ తన పాత కోణానికి తిరిగి వస్తుంది. అంటే డ్రమ్ము కోయించడం క్యామ్ కష్టాన్ని పెంచుతుంది, షూ పెంచడం దాన్ని తీరుస్తుంది. అభ్యంతరంగా మొదలైన విషయం నా వైపే వచ్చి నిలబడుతుంది.

నేను పోగొట్టుకున్న ఇనుము

ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత నష్టం కూడా ఒక కారణం. ఆరేళ్ల క్రితం నా బండి వెనుక హబ్బును, స్పోకులన్నీ విప్పేసి ఒట్టి హబ్బుగా, ఒక వర్క్‌షాపుకు పంపించాను. డ్రమ్ములో గుండ్రం తేడా అప్పటికి 0.06 మిల్లీమీటర్లు. ఇప్పుడైతే నేను దాని జోలికే వెళ్లను. వాళ్లు నిజాయితీగానే కోసి, తేడా సున్నాకు తెచ్చి పంపించారు. నేను 36 స్పోకులతో రిమ్ము కట్టి, బెండు తీసి, స్పోకులు బిగించి, చక్రాన్ని బల్ల మీద పెట్టి ఎనిమిది చోట్ల మళ్లీ కొలిచాను. ఒక వ్యాసానికీ దానికి అడ్డంగా ఉన్న వ్యాసానికీ మధ్య తేడా 0.18 మిల్లీమీటర్లు వచ్చింది. మొదటిసారి నా చేతిదే పొరపాటేమోనని గేజి తుడిచి, మళ్లీ సున్నా చేసి కొలిచాను. అదే అంకె.

కారణం స్పోకులు. ఒక్కో స్పోకూ పలచటి హబ్బు గోడను బయటికి లాగుతుంది, అన్ని స్పోకుల లాగుడూ సమానంగా ఉండదు, ఆ లాగుడుకు హబ్బు కొద్దిగా సాగుతుంది. స్పోకులు విప్పితే తిరిగి గుండ్రంగా వస్తుంది. ఒట్టి హబ్బును కోస్తే, చక్రంలో ఎప్పుడూ ఉండని ఆకారానికి కోసినట్టు. అడిగితే స్పోకులు మా పని కాదన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ చక్రంతో సహా తెండి అన్న ఒక్క మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. రిమ్ముతో ఉన్న చక్రం పట్టే పెద్ద లేత్ మరోచోట దొరికింది. అక్కడ బేరింగుల మధ్య రేఖనే ఆధారంగా తీసుకుని రెండోసారి కోస్తే గుండ్రం వచ్చింది గానీ కొలత 111.1కి చేరింది. హద్దు దాటిపోయింది. 0.06 తేడాను భరించలేక, యాభై ఏళ్ల నాటి ఇనుమును రెండు దఫాలుగా రజను చేసి ఊడ్చిపారేశాను. ఆటోనగర్ పెద్దాయన మాట ఆ రోజు గుర్తొచ్చింది.

కోయవలసిన సందర్భం ఉండదని నేననను. చక్రం కట్టి బిగించిన తర్వాత కూడా 0.15 దాటి తేడా ఉంటే, లేదా ఇనుములో వేడికి పడిన పగుళ్లు గోటికి తగులుతుంటే, కోయించాలి. అది స్పోకులు బిగించిన చక్రం మీదే జరగాలి, తేడా పోయేంత వరకే కోయాలి. ఈ 0.15 ఏ పుస్తకంలోనిదో కాదు, నా చేతి అనుభవం మీద నేను పెట్టుకున్న గీత. ఇంకొకరికి అది 0.1 కావచ్చు. కోయడానికి ముందు ఆరు నెలలు తిరిగి చూడటానికి నా ఓటు.

సుద్దముక్క పరీక్ష

షూ తిప్పించడమంటే ఏదో పెద్ద విద్య అనుకునేవారి కోసం నేను చేసే తీరు చెబుతాను. ముందు డ్రమ్మును కడుగుతాను. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ప్రమాదం. బ్రిటన్‌లో దాన్ని 1999లో పూర్తిగా నిషేధించారు కానీ, అటకల మీద దాచిన పాత షూలకూ యాభై ఏళ్లుగా విప్పని హబ్బులకూ ఆ నిషేధం తెలియదు కదా. చిన్నప్పుడు ప్రతి గ్యారేజీలోనూ కంప్రెసర్ గాలితో డ్రమ్ము దుమ్ము ఊదేయడం చూశాను, నేనూ ఊదాను. దయచేసి ఊదకండి. తడిపి, తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. పాత లైనింగును పొడిగా గీకకండి.

తర్వాత డ్రమ్మును ఎనిమిది చోట్ల, రెండు లోతుల్లో కొలుస్తాను. అంచున ఉన్న మెట్టును కొలతలో కలపను, ఎందుకంటే షూ అక్కడికి రాదు. షూలను మోసే బ్రేక్ ప్లేటు తీసేటప్పుడు షూ ఆ మెట్టుకు తగులుకుంటుంటే, లైనింగును అంచున అర మిల్లీమీటరు సన్నం చేస్తే సరిపోతుంది. మెట్టు కోసం మొత్తం డ్రమ్ము కోయడం గుమ్మం తగులుతోందని ఇల్లంతా పడగొట్టడం లాంటిది. కొలతలు రాసుకుని, షూలను మందమైన లైనింగు అంటించడానికి పంపిస్తాను. మెత్తటి రకం లైనింగు అడుగుతాను. చల్లగా, తడిగా, నెమ్మదిగా పనిచేసే బ్రేకుకు గట్టి రకం పనికిరాదు.

లైనింగు అంటించి వచ్చాక అసలు పని. షూలను వాటి సొంత బ్రేక్ ప్లేటు మీదే, సొంత క్యామ్‌తో, సొంత స్ప్రింగులతో అమర్చి, క్యామ్‌కూ షూలకూ మధ్య పలచటి రేకు పెట్టి షూలు కొద్దిగా తెరుచుకుని ఉండేలా చేస్తాను. ఆ ప్లేటును యాక్సిల్ రంధ్రం ఆధారంగా లేత్ మీద నిలబెట్టి, లైనింగును డ్రమ్ము కొలతకు సరిగ్గా తిప్పుతాను. దుమ్మును పీల్చే గొట్టం పక్కనే ఉండాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. తిప్పడం అయ్యాక రేకు తీసేస్తే, షూకూ డ్రమ్ముకూ మధ్య చక్రం స్వేచ్ఛగా తిరిగేంత సందు మిగులుతుంది. బ్రేకు నొక్కినప్పుడు మాత్రం షూ వంపు, డ్రమ్ము వంపు ఒకటే.

చివరికి సుద్దముక్క. లైనింగు అంతటా బడిలో వాడే తెల్ల సుద్దను అడ్డంగా రుద్ది, చక్రంలో అమర్చి, బ్రేకు చాలా తేలికగా పట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పుతాను. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ తగిలినట్టు. నా బండి ముందు హబ్బుకు ప్రామాణిక షూ వేసినప్పుడు మధ్యలో రెండు వేళ్ల వెడల్పున మాత్రమే చెరిగింది, రెండు వైపులా సుద్ద పాలమీగడలా అలాగే ఉంది. తిప్పించిన షూ మీద కొస నుంచి కొస దాకా చెరిగింది, ఒకచోట గవ్వంత తెల్ల మచ్చ మిగిలింది. ఆ మచ్చను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. డ్రమ్ములో ఆ గీతలూ ఆ మెట్టూ అలాగే ఉన్నాయి, ఒక్క రవ్వ ఇనుము తీయలేదు, బ్రేకు మాత్రం బండి కొన్నప్పటి నుంచి నేనెరగనంత మెత్తగా పట్టింది.

చెరగని చోట గరుకు కాగితంతో కొద్దిగా సర్దవచ్చు గానీ అతిగా చేయకూడదు. ముందుగా డ్రమ్మును తాకే షూ కొసను కాస్త ఏటవాలుగా గీయాలి. లేదంటే షూ హఠాత్తుగా కరుచుకుంటుంది.

స్లీవు మీద నా సందేహాలు

కొత్త స్లీవు వేయించడాన్ని నేను పూర్తిగా కాదనలేను, ఎందుకంటే పైన చెప్పిన వెనుక హబ్బుకు నేను వేయించింది అదే. అయిదు చలికాలాలుగా అది ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఉక్కు పూత పొరలు పొరలుగా లేస్తున్న హబ్బుకైతే వేరే దారి కూడా లేదు. ఆ పూతను కోయడమంటే దాన్ని తీసేయడమే. అలాంటి హబ్బు చేతికొస్తే నేను కూడా స్లీవుకే పంపిస్తాను.

కానీ “స్లీవు వేయిస్తే కొత్తదైపోతుంది” అనే మాట నన్ను బాధపెడుతుంది. పోతలోనే పట్టుకుని ఉన్న అసలు ఇనుప లైనరుకు వెనుక వైపు అల్యూమినియం చొచ్చుకుపోయి ఉంటుంది. వేడి దాని గుండా సులువుగా బయటికి పోతుంది, లైనరు తిరిగిపోయే భయం లేదు. దాన్ని పూర్తిగా కోసేసి పెట్టే కొత్త స్లీవు, బిగుతు మీద మాత్రమే నిలబడుతుంది. ఆ బిగుతు ఎంత ఉండాలన్నది లెక్క వేసి చూడండి. డిగ్రీ వేడికి అల్యూమినియం మీటరుకు సుమారు 23 మైక్రాన్లు సాగితే పోత ఇనుము 11 మైక్రాన్లు సాగుతుంది. స్లీవు బయటి వ్యాసం 118 మిల్లీమీటర్లనుకుంటే, బ్రేకు 100 డిగ్రీలు వేడెక్కినప్పుడు హబ్బు, స్లీవు కన్నా 0.14 మిల్లీమీటర్లు ఎక్కువ సాగుతుంది. మొదట్లో అంతకన్నా తక్కువ బిగుతు పెట్టి ఉంటే, పొడవైన దిగుడులో స్లీవు వదులైపోతుంది. భయపడి మరీ ఎక్కువ బిగుతు పెడితే, లోపల కోయడంతో అప్పటికే పలచబడిన యాభై ఏళ్ల గోడ ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది. మెగ్నీషియం హబ్బుల్లో తెల్లటి తుప్పు లోపలికి ఎంత దూరం తిన్నదో పైకి కనిపించదు కనుక వాటి విషయంలో నాకు ఇంకా భయం. ఈ పనిని చక్కగా చేసేవారు ఇక్కడ ఉన్నారు, వారి చేతిని నేను శంకించడం లేదు. అయితే అది ఒకసారి మాత్రమే చేయదగిన పని. ఇంకా అర మిల్లీమీటరు బతుకున్న డ్రమ్మును ఆ బల్ల మీద పడుకోబెట్టవద్దని మాత్రమే అంటున్నాను.

కొత్తగా దిమ్మ నుంచి చెక్కి తీసిన హబ్బులు కొన్ని బండ్లకు దొరుకుతున్నాయి. పోటీ కోసమే బండి నడిపేవారు వాటిని కొనుక్కోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు, పాత హబ్బును పారేయకుండా అటక మీద దాచితే చాలు.

మా క్లబ్బులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన ఈ వాదనంతా విని, తాను 1975లో కూడా డ్రమ్ములు కోయించి అదే రోజు పోటీకి వెళ్లానని, ఏమీ కాలేదని అన్నారు. ఆయన చెప్పింది నిజం. కానీ 1975లో హద్దు దాటిన హబ్బుకు బదులు దుకాణంలో కొత్త హబ్బు దొరికేది. ఆయన కోయించిన ఇనుముకు వెనుక ఫ్యాక్టరీ ఉంది. ఇప్పుడు మన వెనుక ఏదీ లేదు. అదే పనిని అదే చేత్తో చేసినా, ఇవాళ దాని ఫలితం వేరు.

ఆయన వేసిన రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. “నువ్వు బండి అమ్మేస్తావు. కొన్నవాడికి ఇవి మందం షూలని తెలియదు, మామూలు షూలు తెప్పించి వేసుకుంటాడు, కొండ దిగుతూ బ్రేకు లేదని తెలుసుకుంటాడు. కోసిన డ్రమ్మైనా, కోయని డ్రమ్మైనా అతనికి ఒకటే కదా?” అన్నారు. నిజమే. ప్రత్యేకంగా చేసిన ప్రతి భాగమూ తర్వాతివాడికి చెప్పకుండా పెట్టిన గుంత లాంటిదే. అందుకని డ్రమ్ము కొలతను బ్రేక్ ప్లేటు లోపలి వైపు చెక్కడం అలవాటు చేసుకున్నాను. షూలు మార్చేవాడు ప్లేటు విప్పక తప్పదు, విప్పితే అంకె కనిపించక తప్పదు. అతను దాన్ని చదువుతాడా, చదివినా అర్థం చేసుకుంటాడా అన్నది నా చేతిలో లేదు. కాగితం మీద రాసి బండి పత్రాలతో పెట్టడం కన్నా ఇది మేలనిపించింది.

ఆ యువకుడు పోయిన వారం ఫోన్ చేసి, స్లీవు ధర కనుక్కున్నానని, అంతకన్నా ముందు నేను చెప్పింది ఒకసారి చూడదలచానని అన్నాడు. చక్రం ఇప్పుడు నా షెడ్డులో ఉంది. రిమ్ము విప్పలేదు, స్పోకులు ముట్టుకోలేదు. ఎనిమిది చోట్ల కొలిస్తే అతి తక్కువ 110.58, అతి ఎక్కువ 110.65 వచ్చింది. లైనింగు అంటించిన షూలు గురువారం వస్తాయి. శనివారం అతన్ని రమ్మన్నాను, సుద్ద అతని చేతే రుద్దిస్తాను. బ్రేక్ ప్లేటు లోపల 110.6 అని చెక్కడానికి చోటు చూసి పెన్సిలుతో గీత గీసి ఉంచాను.